మనిషి, తోవ, కూడు

సూర్యాపేట గ్రంథాలయంలో పొద్దున్నే తలుపులు తీసి, బల్లలు తుడిచి, బస్సులో వచ్చిన పత్రికను చదువురానివాళ్లకు చదివి వినిపించడం జానయ్య పని. ఇరవై నాలుగేళ్లవాడు. లోకంలో అతనికి ఇద్దరి మీదే గురి. ఒకరు, తల్లీతండ్రీ కలరా గత్తరలో పోయాక తనను సాకిన చిన్నాయన బీరప్ప. ఇంకొకరు ప్రభాకర్ సారు. చిన్నాయన ఆత్మకూరులో గొర్రెలు కాచి, కడుపు నింపి, బడికి పంపాడు. సారు మూడేళ్లపాటు రాయడం నేర్పాడు. ఇద్దరిలో ఎవరెక్కువని అడిగితే జానయ్య నవ్వి ఊరుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ మూడేళ్లలో అతని మనసు సారు వైపే మొగ్గింది. అన్నం పెట్టినవాడి కంటే మెచ్చుకున్నవాడు పెద్దగా కనిపించే వయసు అది.

సారు నడిపే పత్రిక పేరు 'కందిలి'. అచ్చు పత్రిక కాదు, చేతిరాత పత్రిక. నిజాం సర్కారులో ఏదైనా అచ్చు వేయించాలంటే అనుమతి అడగాలి, అడిగినవాడి పేరు పోలీసుల నోట పడుతుంది. ఎందుకొచ్చిన తంటా అని చేత్తోనే రాసి మూడు ప్రతులు తీసేవారు. ఒకటి సూర్యాపేటకు, ఒకటి కోదాడకు, ఒకటి మిర్యాలగూడకు. జానయ్యవి ముత్యాల్లాంటి అక్షరాలు కాబట్టి మూడు ప్రతులూ అతనే రాసేవాడు.

రాయాలని ఉబలాటపడే కుర్రవాళ్లు పది పన్నెండు మంది ఉండేవారు. ఎవరేం పంపినా సారు ఎర్ర సిరాతో దిద్ది, అడుగున 'ఇకముందు' అని రాసి, వాళ్లు తర్వాత ఏం నేర్చుకోవాలో, దేని మీద రాయాలో చెప్పేవాడు. కోదాడలో బట్టల కొట్టు కాశీరాం నెలనెలా చందమామ మీద పద్యం పంపేవాడు. "ఇకముందు: నీ కొట్టు ముందు రోజూ పడుకునే బర్రె గురించి రాయి. చంద్రుడు ఎక్కడికీ పోడు" అని వచ్చింది జవాబు. కాశీరాం వారం రోజులు అలిగి, ఆ తర్వాత రాసిన బర్రె మూడు ఊళ్లలోనూ పేరు తెచ్చుకుంది.

జానయ్య మొదట గొర్రెల మీద పద్యం రాస్తే, "ఈ మాటల్లో మీ చిన్నాయనకు ఎన్ని తెలుసు?" అని ఎర్ర సిరా అడిగింది. ఆ తర్వాత పోయిన తల్లి గురించి, ప్రేమ అనే మాట వాడకుండా రాయమంది. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్లు నీళ్ల దగ్గర పోట్లాడుకోవడం, వాళ్ల మాటల్లోనే. ఒక్కటి కూడా చెడ్డ పాఠం కాదు. ఈ కథలో ఒళ్లు మండించే సంగతి అదే. చేతకానివాడు చెడగొడితే సరిపెట్టుకోవచ్చు, ఈయన చక్కగా తీర్చిదిద్దాడు.

రజాకార్ల అల్లరి ముదిరాక సారు కాపురం కోదాడకు మార్చాడు. అవసరమైతే సరిహద్దు దాటి అవతలికి పోవచ్చని. ఆ ఏడే మేళ్లచెరువు దారిలో సారు అన్నగారిని ఎవరో నరికి చంపారు. ఆయనకు భూములు బాగా ఉండేవి, కమ్యూనిస్టు దళం వాళ్ల పనే అన్నారు. జానయ్య వెళ్లి పరామర్శించి వచ్చాడు. తర్వాత యూనియన్ మిలిట్రీ వచ్చింది, నిజాం పాలన పోయింది, ఊళ్లలో రజాకార్ల బదులు మిలిట్రీ క్యాంపులు వెలిశాయి. వాళ్లు ఇప్పుడు దళాల వాళ్లను వెతుకుతున్నారు. ఈ గొడవల్లో ఆగిపోయిన 'కందిలి' నలభై తొమ్మిది జనవరిలో మళ్లీ మొదలైంది.

ఆ నెలలోనే జానయ్య కోదాడ వెళ్లి సారు ఇంటి వసారాలో కూర్చున్నాడు.

"సారూ, ఇగ నేను కథ రాస్త. ఒక కురుమాయన, ఒక దొర, నడుమ ఒక నీళ్ల బాయి. మొత్తం మనసుల ఉన్నది."

"రాద్దువుగాని, తొందరేముంది?" అన్నాడు సారు. "నీకు మాటలు వచ్చాయి, కోపం రాయడం వచ్చింది. కానీ నీ మనుషులు ఎక్కడ నిలబడ్డారో, ఎటు నడుస్తున్నారో తెలియడం లేదోయ్. ఇంకా మూడు నేర్చుకో. ఆ తర్వాత నిన్ను ఆపేవాడు ఉండడు."

కాగితం తీసుకుని మూడు మాటలు రాశాడు. మనిషి. తోవ. కూడు.

"మనిషి గురించి రాస్తే, వాణ్ణి ఎన్నడూ చూడనివాడు సంతలో పోల్చుకోవాలి. తోవ గురించి రాస్తే, ఆ చోటు ఎరగనివాడు ఎవర్నీ అడక్కుండా చేరుకోవాలి. కూడు గురించి రాస్తే, అది ఎవరి పొయ్యి మీద ఉడికి, ఎవరి నెత్తి మీద వచ్చి, ఎవరి నోట్లోకి పోయిందో తెలియాలి. ఊహించి రాయకు, నీకు తెలిసిందే రాయి. మీ చిన్నాయన మంద ఉంది కదా, అంతకంటే మంచి విషయం నీకెక్కడ దొరుకుతుంది?"

"పత్రికల వేస్తరా సారూ?"

"వెయ్యను. ఇవి నీ చెయ్యి తిరగడానికి. నేనొక్కణ్ణే చూస్తాను. దిద్దింది చూసుకుని కాగితాలు నాకే తిరిగి పంపెయ్."

జానయ్య ఆ కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో రెండుసార్లు తీసి చూసుకున్నాడు. కాశీరాంకు ఒక పాఠమే, తనకు మూడు అనుకుని మురిసిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గడ్డి తగ్గగానే బీరప్ప మందను తోలుకుని మిర్యాలగూడ దాటి, హాలియా దాటి, కృష్ణ వైపు గుట్టల్లోకి పోతాడు. ఏటా పోయేదే. అక్కడ తన పాత స్నేహితుడు, లంబాడీ హీరాలాల్ ఉండే తండా చేలల్లో మంద పెడతాడు. గొర్రెలు చేలో పడుకుంటే చేనుకు ఎరువు, మంద పెట్టినన్నాళ్లు కాపరులకు కూడు పెట్టే బాధ్యత చేనుగలవాళ్లది. వాళ్ల తాతల నాటి నుంచి నడుస్తున్న పద్ధతి. హీరాలాల్ పెండ్లాం మోతీబాయి రోజూ రొట్టెలు, అంబలి నెత్తిన పెట్టుకుని గుట్టెక్కి తెచ్చేది.

ఆ ఏడు మందలో బీరప్ప, జీతపు పిల్లగాడు కాక ఒక కాపరి ఎక్కువున్నాడు. అతని పేరు బిక్షపతి. ఆత్మకూరువాడే. దళంలో తిరిగినవాడు, మిలిట్రీకి కావలసినవాడు. గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని బీరప్ప వెంట కాపరిలా ఉంటున్నాడు. మాఘమాసంలో చిన్నాయనకు కొత్త గొంగడి ఇవ్వడానికి వెళ్లినప్పుడు జానయ్య అతణ్ణి చూశాడు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. సారుతో కూడా అనలేదు. ఆ మాత్రం జాగ్రత్త అతనికి తెలుసు.

తెలుసుననుకున్నాడు, అంతే.

మొదటి పాఠం 'మనిషి' రాయడానికి కూర్చుని, బీరప్ప పేరు సాయన్న అని మార్చాడు. ఊరు మార్చాడు. గుట్టల పేర్లు తీసేశాడు. కానీ గొర్రెల చెవి కోత మార్చలేకపోయాడు. గొర్రెలు కాచే ప్రతి కురుమ ఇంటికీ ఒక కోత ఉంటుంది. బీరప్ప మందకు ఎడమ చెవి నడుమ చీలిక, కుడి చెవి కొసన అరచందమామ. మంద కలిసిపోయినప్పుడు ఎవరి గొర్రె ఎవరిదో తేల్చేది అదే. తన మందకు ఇంకొకరి కోత రాయడమంటే ఇంకొకరి గొర్రెల్ని తనవనడమే, కురుమవాళ్లలో దాన్ని దొంగతనమే అంటారు. పేరు మారిస్తే కథ, చెవి మారిస్తే దొంగతనం. జానయ్య చెయ్యి అక్కడ ఆగిపోయి, ఉన్నది ఉన్నట్టు రాసేసింది.

ఇంకొక వాక్యం కూడా ఉంది. "కొత్తగా వచ్చిన మూడో కాపరి పిలిస్తే ఒక్క గొర్రె కూడా తలెత్తలేదు." తీసేద్దామని ఒకసారి అనిపించింది. కానీ తను రాసినవాటన్నిటిలో అంత మంచి వాక్యం లేదు. చదివినవాడు అక్కడ తప్పకుండా ఆగుతాడు. ఎవరి పేరూ లేదు కదా, ఏమవుతుందిలే అనుకుని ఉంచేశాడు.

సారు నిజంగానే అక్కడ ఆగాడు. ఆ వాక్యం కింద రెండు ఎర్ర గీతలు గీసి, "శాబాష్" అని రాశాడు. చెవి కోత పక్కన, "ఇలాంటివే కావాలి" అని. జానయ్య ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయాడు.

రెండోది 'తోవ'. హాలియా సంత నుంచి మంద దాకా. మొదలయ్యే ఊరి పేరు లేకపోతే తోవే కాదని హాలియా పేరు మాత్రం ఉంచాడు. దాన్ని సారు రెండుసార్లు తిప్పి పంపాడు. "వాగు దాటాక ఎడమకా, కుడికా? చదివేవాడు ఇక్కడ తప్పిపోతున్నాడు" అన్నాడు మొదటిసారి. "ఊట దగ్గర ఎన్ని దారులు చీలుతాయి?" అన్నాడు రెండోసారి. జానయ్య కళ్లు మూసుకుని మనసులోనే ఆ గుట్ట మళ్లీ మళ్లీ ఎక్కి రాశాడు. మూడోసారికి, "ఇప్పుడు గుడ్డివాడు కూడా చేరతాడు" అని వచ్చింది.

మూడోది 'కూడు'. దాన్ని ఉగాది ముందు ఆదివారం స్వయంగా కోదాడ తీసుకెళ్లి సారు చేతికిచ్చి వచ్చాడు.

నాలుగో రోజు పత్రిక చదువుతుండగా బీరప్ప భార్య గోపమ్మ గ్రంథాలయం గడప దగ్గరికి వచ్చి కూలబడింది.

"కొడుకా, మీ సిన్నాయినను మిలిట్రోళ్లు పట్కపోయిన్రు. బిక్షపతిని కాల్సిన్రట, జీతపు పోరడు ఉరికొచ్చి సెప్పిండు. మందంత గుట్ట మీద ఆగమైంది."

జానయ్య ఆ పూటే ఆమెను తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు.

క్యాంపు ఊరి చివర రేకుల షెడ్డులో ఉంది. బల్ల వెనుక ఒక జమేదార్, పక్కన ఒక గుమాస్తా. జానయ్యది ఉర్దూ చదువే కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. మా చిన్నాయన ముసలివాడు, గొర్రెలు తప్ప ఏమీ తెలియదు, జామీను ఉంటాను, విడిచిపెట్టండి అని వేడుకున్నాడు. నీ పేరు, ఊరు, చేసే పని ఇందులో రాయి అని గుమాస్తా ఒక కాగితం తోశాడు. జానయ్య తెలుగులో రాసిచ్చాడు. గుమాస్తా దాన్ని చూసి, మళ్లీ చూసి, బల్ల సొరుగు లాగి నాలుగు కాగితాలు తీసి దాని పక్కన పరిచాడు.

ఆ అక్షరాలు జానయ్యవే. వాటి మీద ఎర్ర గీతలు ఉన్నాయి.

గుమాస్తా తన చెవిలో ఏదో చెప్పగానే జమేదార్ ముఖం విప్పారింది. లేచి వచ్చి జానయ్య భుజం తట్టాడు. రాసింది నువ్వేనా, ఇంతకాలం పని చేస్తున్నాను గానీ ఇంత సాఫ్‌గా రాసిన కాగితం చూడలేదు, గొర్రెల చెవులు చూసుకుంటూ పోయాం, ఊట దగ్గర మూడో దారి పట్టాం, ఒక్క రాయి కూడా నువ్వు రాసిన చోటు తప్పలేదు అన్నాడు. కాపరులు ముగ్గురినీ గొర్రెల్ని పిలవమన్నారట. ఎవరి పిలుపుకు గొర్రెలు తలెత్తలేదో అతణ్ణి పట్టుకున్నారట. పారిపోబోతే కాల్చామని చెప్పాడు.

"నువ్వు మనవాడివే. ముసలాయన్ను తీసుకుపో" అన్నాడు చివరికి.

తను రాసింది అంత దూరం చేరాలని, చదివినవాడు కళ్లతో చూసినట్టు చూడాలని మూడేళ్లు తపించాడు జానయ్య. ఇదిగో, చేరింది. మెచ్చుకోలు కూడా దొరికింది. రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని తల వంచాడు. అది కృతజ్ఞత అనుకుని జమేదార్ నీళ్లు తెప్పించాడు.

బీరప్పను ఇద్దరు మోసుకొచ్చి బండిలో వేశారు. కుడి కాలు మోకాలి కింద విరిగింది. దవాఖానకు పోయే దారంతా ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. మంచం మీద పడుకోబెట్టాక నోరు విప్పాడు.

"హీరాలాలే సెప్పిండు రా."

"సిన్నాయినా..."

"ఇంకెవలు సెప్తరు? ఊట కాడి తోవ నాకు ఎరుక, హీరాలాల్‌కు ఎరుక, నీకు ఎరుక. జీతపు పోరడు మందను ఇడిసి ఎన్నడు పోలే. నువ్వు నా కొడుకువి. ఇగ మిగిలింది ఎవలు? నలభై ఏండ్ల దోస్తానా రా. ఇగ నుంచి వాని తండాల నీళ్లు ముట్టుకుంటే నేను బీరప్పను గాదు. అందరికి సెప్పు, ఆత్మకూర్ల మనోళ్లందరికి సెప్పు."

జానయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చెప్పాలనుకున్నాడు. చెప్తే ఈ మంచం మీదే ఆ ముసలి ప్రాణం పోతుందని ఒక సాకు దొరికింది, దాన్ని పట్టుకున్నాడు. ఆ సాకు ఎంత పిరికిదో అతనికి తెలుసు. పైగా ఇంకొక భయం లోపల తొలుస్తోంది. క్యాంపు బల్ల మీద ఉన్నవి 'మనిషి', 'తోవ'. 'కూడు' అక్కడ లేదు. అది ఇంకా సారు దగ్గరే ఉండాలి. అది క్యాంపు చేరితే, దళంవాడికి రొట్టెలు మోసిన మనిషి కోసం వస్తారు. మోతీబాయి కోసం వస్తారు.

మర్నాడు పొద్దున్నే గోపమ్మను చిన్నాయన దగ్గర కూర్చోబెట్టి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సెక్కాడు.

ప్రభాకర్ సారు వసారాలో కాశీరాం రాసిన కథ దిద్దుతూ కూర్చున్నాడు. "రావోయ్ జానయ్యా, మంచినీళ్లు తాగుతావా?" అన్నాడు, ఎప్పటిలాగే.

"సారూ, నేనిచ్చిన 'కూడు' కాయితాలు జర ఇయ్యున్రి. దిద్దుకోవాలె." మామూలుగానే అడగాలనుకున్నాడు గానీ, చెయ్యి ముందే చాపేశాడు.

సారు కలం పక్కన పెట్టాడు.

"మిర్యాలగూడ వెళ్లొచ్చావన్న మాట. లేవవి. వాడికి కూడు పెట్టింది ఎవరని క్యాంపువాళ్లు అడిగారు, ఈ పొద్దున మొదటి బస్సుకు పంపేశాను."

దొంగతనం బయటపడితే మనిషి తడబడతాడు, బుకాయిస్తాడు, కనీసం చూపు తిప్పుకుంటాడు. ఈయన అదేమీ చేయలేదు.

"నీ పేరు ఎక్కడా చెప్పలేదోయ్" అన్నాడు సారు. "మీ చిన్నాయన్ను ఏమీ చెయ్యొద్దని కూడా చెప్పాను. నాకు కావలసింది బిక్షపతి ఒక్కడే. మా అన్నయ్యను మేళ్లచెరువు దారిలో ఆపినవాళ్లలో వాడున్నాడు. నువ్వు పరామర్శకు వచ్చావు గుర్తుందా? ఆ రోజే నాకు తట్టింది, వాడిదీ మీ ఊరే కదా, దాక్కుంటే మీ మందల్లోనే అని. నీ మూడో కాపరి వాక్యంతో తేలిపోయింది."

"నన్నే అడగకపోతిరా సారూ?"

"అడిగితే చెప్పేవాడివా?"

జానయ్య చెప్పేవాడు కాదు. అది తెలిసే ఆయన అడగలేదు, నేర్పాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో మూడేళ్ల ఎర్ర సిరా ఇప్పుడు చూపించింది. అన్న చనిపోయిన మనిషి కడుపుమంట అర్థమవుతుంది. ఆ మంటలో చలి కాచుకోవడానికి తన చిన్నాయన మందను, తోవను, తన చేత్తోనే తెప్పించుకున్నాడన్నది మాత్రం మింగుడుపడలేదు. కొట్టాలనిపించింది. ఏడుపొచ్చింది. ఈ రెండిటి నడుమ నోటి నుంచి వచ్చిన మాటకు అతను బతికినన్నాళ్లూ సిగ్గుపడ్డాడు.

"నిజంగ మంచిగున్నదా సారూ? నేను రాసింది? లేకుంటే గందుకే మంచిగున్నదన్నరా?"

మనిషి చచ్చాడు, చిన్నాయన కాలు విరిగింది, ఇంకొక ఆడమనిషి ప్రాణం బస్సెక్కి పోతోంది. వీడికి కావలసింది ఇది. ఎవరేమనుకుంటారో అనుకోనివ్వండి, రాసే జబ్బు పట్టినవాడు అలాగే ఉంటాడు.

"చాలా బాగుంది" అన్నాడు సారు. "అబద్ధం ఆడను. మూడు ఊళ్లలో నీ అంతటివాడు లేడు. నిజానికి ఇకముందు నువ్వు దుఃఖం గురించి రాయాలి. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు, ఎందుకంటే అది పడనివాడు రాయలేడు. ఇప్పుడు నీకు..."

జానయ్య ఆ మాట పూర్తిగా వినలేదు. బల్ల మీది ఎర్ర సిరా బుడ్డి ఎత్తి వసారా బయటికి విసిరేశాడు. చేసింది అంతే. అంతకంటే ఏమీ చేయలేకపోయాడు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక గుర్తొచ్చింది, ఇంతసేపూ ఆయన్ను సారూ అనే పిలిచాడు.

ఆ సాయంత్రం మిర్యాలగూడ చేరి, మర్నాడు పొద్దున్నే హాలియా దాకా బండి మీద, అక్కడి నుంచి కాలినడకన బయలుదేరాడు. వాగు దాటాక ఎడమకు, ఊట దగ్గర మూడో దారి. తను రాసిన వాక్యాల్లోనే నడుస్తున్నట్టు ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు, ఖాళీగా ఉన్న మంద చోటు దాటి తండా చేరాడు.

హీరాలాల్ గుడిసె ముందు కూర్చుని చెదిరిన గొర్రెల్ని లెక్కపెడుతున్నాడు. గుట్టలన్నీ తిరిగి దొరికినవాటిని తన దొడ్డిలో కట్టేశాడు. జానయ్యను చూడగానే లేచాడు.

"బీరప్పకు ఎట్లున్నది తమ్మీ? నూట పన్నెండు దొరికినయ్. ఇంక పది దాక దొరకాలె. పరేషాన్ గావద్దని సెప్పు."

ఆ మాటతో జానయ్యకు అప్పటిదాకా ఆగిన ఏడుపు వచ్చేసింది. నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఎర్ర సిరా, మూడు పాఠాలు, చెవి కోత, క్యాంపు, కోదాడ. దాచుకున్నది ఏమీ లేదు. చిన్నాయన హీరాలాల్‌నే అనుమానిస్తున్నాడని, దవాఖానలో అది విని కూడా తను నోరు మెదపలేదని చెప్పేటప్పుడు మాత్రం తలెత్తలేకపోయాడు.

హీరాలాల్ దొడ్డి తడిక బిగించి కట్టి వచ్చాడు.

"బీరప్ప నిన్ను నమ్మిండు. మేం బీరప్పను నమ్మినం. నువ్వు ఎవల్ని నమ్మినవ్?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని జానయ్యకు అనిపించింది. "బిక్షపతి మా ఇంటి రొట్టె తిన్నడు. సరే. ఇగ ఏడుస్తె ఏమొస్తది? మీ సిన్నాయినతోని నువ్వే సెప్పాలె. నేను సెప్ప. నా మీద పడ్డది నీ నోటితోనే తీయి."

"సెప్త" అన్నాడు జానయ్య. "గని ముందు మీరు ఈడ ఉండొద్దు. మూడో కాయితం నిన్ననే పోయింది. వదినె కోసం వస్తరు."

గుడిసెలో నుంచి మోతీబాయి అంతా వింటూనే ఉంది. బయటికి వచ్చి జానయ్య ముందు నిలబడింది.

"నా గురించి ఏం రాసినవ్?"

"పేరు రాయలే వదినె."

"పేరు గాదు. ఏం రాసినవో సెప్పు. ఒక్కటి ఇడిసిపెట్టకుంట సెప్పు."

జానయ్య రాసినదంతా నోటికి వచ్చు. అద్దాల లంగా, మోచేయి పైదాకా దంతపు గాజులు, జుట్టుకు రెండు వైపులా వేలాడే వెండి చేర్లు. మోతీబాయి వింటూనే చేర్లు విప్పింది. గాజులు ఒక్కొక్కటే తీసింది. కొన్ని పెళ్లినాడు ఎక్కినవి, దిగలేదు. హీరాలాల్ రాయి తీసుకుని వాటిని పగలగొట్టాడు. మోతీబాయి లోపలికి పోయి, గోపమ్మ ఎప్పుడో ఇచ్చిన ముతక చీర కట్టుకుని వచ్చింది.

"ఇంకా?"

జానయ్య పగిలిన గాజు ముక్కలు ఏరసాగాడు.

"ఇంకా ఏం రాసినవ్ తమ్మీ?"

"నడక" అన్నాడు జానయ్య.

చిన్నప్పుడు బండి కింద పడి ఆమె ఎడమ పాదం లోపలికి తిరిగిపోయింది. అడుగు వేసేటప్పుడు ఆ కాలు నేలను ఒకసారి తాకి, ఆగి, మళ్లీ ఆనుతుంది. నెత్తి మీద కుండ మాత్రం తొణకదు. దాన్ని రాయడానికి జానయ్య ఎనిమిది కాగితాలు చించాడు. తొమ్మిదోది సారు చేతికిచ్చాడు.

మోతీబాయి తన పాదం వైపు చూసుకుంది.

"బట్ట మార్సిన. గాజులు తీసిన. ఇది ఏడ పెట్టాలె?"

జానయ్య నేర్చుకున్న అన్ని పాఠాల్లో దానికి పాఠం లేదు.

కృష్ణ అవతల ఆమె అన్న ఉండే తండాకు పంపాలని పెద్దలు అనుకున్నారు. ఒక్కతే పోతే గుర్తుపడతారని ఇంకో ఏడుగురు ఆడవాళ్లు కూడా ముతక చీరలు కట్టుకుని, నెత్తిన కట్టెల మోపులు పెట్టుకుని, సంతకు పోయేవాళ్లలా కలిసి బయలుదేరారు. హీరాలాల్ వెనక ఉండిపోయాడు. మగవాడు వెంట ఉంటే అనుమానం ఎక్కువ.

జానయ్య గుట్ట మీద నిలబడి చూశాడు. ఎనిమిది మంది, ఒకే రంగు చీరలు, ఒకే తీరు మోపులు. కృష్ణ వైపు వాగు దాకా పోయారు. వాగు దాటారు. అక్కడి నుంచి చీమలంత కనిపిస్తున్నారు, ముఖాలు లేవు, గొంతులు లేవు. అయినా వాళ్లలో మోతీబాయి ఎవరో అతనికి తెలుస్తూనే ఉంది. ఆ కాగితం చదివినవాడెవడికైనా తెలుస్తుంది.